కొత్త రూటర్ పెట్టాక టీవీ, ప్రింటర్, కెమెరా కనెక్ట్ అవ్వట్లేదా? ఇలా సరిచేసుకోండి

రూటర్ మార్చిన రోజు చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే: ఫోన్లకి నెట్ వచ్చింది, టీవీకి రాలేదు. లేదా టీవీకీ వచ్చింది గానీ కెమెరా, స్మార్ట్ బల్బు, ప్రింటర్ మొండికేశాయి. వెంటనే ఆ వస్తువుని రీసెట్ కొట్టేయడం, అదే పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ కొట్టి చూడటం, చివరికి వస్తువే పాడైపోయిందని తేల్చేయడం మామూలైపోయింది. నిన్నటిదాకా పనిచేసిన టీవీ రూటర్ మార్చినంత మాత్రాన పాడవ్వదు. తేడా ఎక్కువగా రూటర్ వైపే ఉంటుంది. అక్కడ నాలుగు సెట్టింగులు సరిచేస్తే సగానికి పైగా వస్తువులు వాటంతట అవే వచ్చి చేరతాయి. కాబట్టి ముందు రూటర్ పని చూడండి, వస్తువుల జోలికి ఆ తర్వాతే వెళ్లండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక ఫోన్. ల్యాప్‌టాప్, ల్యాన్ కేబుల్ కూడా ఉంటే పని తేలిక. వైఫై పేరు మార్చిన ప్రతిసారీ ఫోన్ తెగిపోతుంది, కేబుల్ తెగదు.
- కొత్త రూటర్ అడుగున ఉండే స్టిక్కర్ ఫోటో. లాగిన్ అడ్రస్, అడ్మిన్ పాస్‌వర్డ్, మొదటి వైఫై పేరు, కీ అన్నీ దాని మీదే ఉంటాయి.
- పాత వైఫై పేరు, పాస్‌వర్డ్. చిన్న అక్షరం, పెద్ద అక్షరం, ఖాళీ, గీత ఉన్నవి ఉన్నట్టుగా కావాలి. గుర్తు లేకపోతే ఆండ్రాయిడ్ 10 తర్వాతి ఫోన్లలో సేవ్ అయిన వైఫై తెరిచి షేర్ నొక్కండి. క్యూఆర్ కోడ్ వస్తుంది, చాలా ఫోన్లలో దాని కింద పాస్‌వర్డ్ కూడా కనిపిస్తుంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 16 నుంచి వైఫై సెట్టింగ్స్‌లోనే చూడొచ్చు. ఫోన్‌లో పాత వైఫైని ఫర్గెట్ కొట్టకముందే ఈ పని చేయండి.
- రూటర్ మీరు సొంతంగా కొన్నదైతే, నెట్ కంపెనీ ఇచ్చిన పీపీపీఓఈ (లైన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్.
- రీసెట్ రంధ్రంలో పెట్టడానికి సన్నని పిన్ను. వాడాల్సి రాకపోతే మంచిదే.

ఇంట్లో ఎవరూ ఆఫీసు కాల్‌లో గానీ ఆన్‌లైన్ పరీక్షలో గానీ లేని గంట చూసుకుని మొదలుపెట్టండి.

1. తప్పు లైన్‌దా, వైఫైదా తేల్చుకోండి

ఫైబర్ పెట్టె మీద లైట్లు చూడండి. పాన్ (PON) అని రాసున్న లైటు ఆగకుండా వెలుగుతుంటే లైన్ బాగుంది. ఎల్ఓఎస్ (LOS) దగ్గర ఎర్ర లైటు కొట్టుకుంటుంటే ఫైబర్‌లో వెలుగు రావట్లేదని అర్థం. అప్పుడు వైఫై సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు. రూటర్ జరిపేటప్పుడు సన్నని ఫైబర్ వైరు మడత పడిందేమో, బల్ల కాలి కింద నలిగిందేమో చూడండి. కనెక్టర్ పీకి గుడ్డతో తుడవకండి, దాని చివర్లోకి కన్ను పెట్టి చూడకండి. కంప్లైంట్ ఇచ్చి లైన్ సరిచేయించుకోండి.

అడాప్టర్ కూడా చూడండి. పాత రూటర్ అడాప్టర్ కొత్తదానికి గుచ్చేయడం తరచూ జరుగుతుంది. పిన్ను సరిపోతుంది, లైట్లూ వెలుగుతాయి. కానీ 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు కావాల్సిన రూటర్‌కి 9 వోల్టులదో, 0.5 ఆంపియర్లదో పెడితే వస్తువులు ఎక్కువయ్యేసరికి వైఫై పడిపోతుంది, రూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండొచ్చు, ఎక్కువ ఉన్నా పర్వాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. కరెంటు పోతే నెట్ ఆగకుండా మినీ యూపీఎస్ పెట్టుకునేవారు దాని మీద కూడా ఇవే అంకెలు చూసుకోవాలి.

ఇప్పుడు ఒక ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, కొత్త వైఫైతో ఏదైనా సైటు తెరవండి. తెరుచుకుంటే 2వ మెట్టుకి వెళ్లండి. కనెక్ట్ అయినా నెట్ లేదంటే 6వ మెట్టుకి వెళ్లండి.

2. ఫోన్ హాట్‌స్పాట్‌తో పరీక్షించండి

ఐదు నిమిషాల పని, చాలా తిప్పలు తప్పిస్తుంది. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్, సెక్యూరిటీ (వైఫై తాళం రకం) డబ్ల్యూపీఏ2 పెట్టండి. ఐఫోన్ 12, ఆ తర్వాతి మోడళ్లలో అయితే మ్యాక్సిమైజ్ కంపాటిబిలిటీ ఆన్ చేయండి. మొండికేసిన టీవీనో ప్రింటర్‌నో ఆ హాట్‌స్పాట్‌కి కలపండి.

కలిస్తే వస్తువు బాగుంది, రూటర్ సెట్టింగ్ మార్చాలి. హాట్‌స్పాట్‌కీ కలవకపోతే ఆ వస్తువు సంగతి 5వ మెట్టులో చూడాలి. బల్బులు, కెమెరాల్లాంటి వాటికి ఈ పరీక్ష చేయాలంటే వాటిని రీసెట్ చేయాల్సి వస్తుంది కాబట్టి టీవీ, ప్రింటర్, ల్యాప్‌టాప్‌లతో సరిపెట్టుకోండి.

3. రూటర్‌లోకి లాగిన్ అవ్వండి

బ్రౌజర్ అడ్రస్ గడిలో స్టిక్కర్ మీదున్న అడ్రస్ కొట్టండి. సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1, జియో రూటర్లలో 192.168.29.1. పేజీ రాకపోతే మొబైల్ డేటా, వీపీఎన్ ఆపి చూడండి. అప్పటికీ రాకపోతే ఫోన్‌లో వైఫై వివరాలు తెరిచి గేట్‌వే దగ్గరున్న అంకె కొట్టండి, అసలు అడ్రస్ అదే.

ఇక్కడొక హెచ్చరిక. నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టెని పిన్నుతో రీసెట్ కొట్టకండి. పీపీపీఓఈ, వీల్యాన్ (కంపెనీ తన లైన్‌కి పెట్టుకున్న నంబరు) వివరాలు తుడిచిపెట్టుకుపోతే వాళ్ల మనిషి వచ్చేదాకా ఇంటికి నెట్ ఉండకపోవచ్చు. ఆఫ్ చేసి ఆన్ చేయడం వేరు, రీసెట్ వేరు.

4. ఈ నాలుగు సెట్టింగులు మార్చండి

పాత వస్తువులు కొత్త రూటర్‌కి ఎక్కకపోవడానికి ప్రధాన కారణాలన్నీ ఇక్కడే ఉన్నాయి. ఓపిగ్గా ఒక్కొక్కటీ చూడండి.

క) బ్యాండ్లు విడదీయండి. ఇప్పటి రూటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ రెంటినీ ఒకే పేరుతో ఇస్తాయి. దీన్ని స్మార్ట్ కనెక్ట్ అనో, బ్యాండ్ స్టీరింగ్ అనో రాస్తారు. స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు, ఏసీలు, చవక కెమెరాలు, చాలా ప్రింటర్లు 2.4 మాత్రమే పట్టుకోగలవు. పేరు ఒకటే ఉంటే సెటప్ చేసే ఫోన్ 5లో ఉంటుంది, వస్తువు 2.4లో వెతుకుతుంది. చాలా యాప్‌లు ఇక్కడే ఆగిపోతాయి. స్మార్ట్ కనెక్ట్ ఆఫ్ చేసి రెంటికీ వేర్వేరు పేర్లు పెట్టండి. పేరు చివర 5జీ అని కనిపించేది మొబైల్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్. దగ్గర్లో వేగం ఎక్కువ, గోడలు దాటేటప్పుడు బలం త్వరగా తగ్గుతుంది.

కంపెనీ రూటర్‌లో విడదీసే వీలు లేకపోతే గెస్ట్ నెట్‌వర్క్‌ని 2.4లో మాత్రమే ఆన్ చేసి బల్బులు, ప్లగ్గులు దానికి కలపండి. టీవీని, ప్రింటర్‌ని మాత్రం గెస్ట్‌లో పెట్టకండి. గెస్ట్‌లో ఉన్నవి మిగతా ఫోన్లకి కనిపించవు, ప్రింటూ వెళ్లదు, క్యాస్టింగూ అవ్వదు.

గ) 2.4 బ్యాండ్‌కి పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టండి. ఈ వ్యాసంలో ఒక్కటే చేస్తానంటే ఇది చేయండి. బల్బులు, ప్లగ్గులు, కెమెరాలు గుర్తుపెట్టుకునేది వైఫై పేరు, కీ, సెక్యూరిటీ రకం. ఆ మూడూ కలిస్తే కొత్త రూటర్‌ని పాతదే అనుకుని కలిసిపోతాయి. పది బల్బుల్ని నిచ్చెన వేసుకుని రీసెట్ చేసే పని తప్పుతుంది. 5 బ్యాండ్‌కి అదే పేరు చివర ఏదైనా చేర్చి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లకి వాడుకోండి. పాత పాస్‌వర్డ్ ఊరంతటికీ తెలిసిపోయిందనుకుంటే మార్చాల్సిందే, అప్పుడు వస్తువులన్నీ ఒక్కొక్కటిగా కలుపుకోవాలి.

పేరులో అక్షరం తేడా వచ్చినా కుదరదు. పాత రూటర్ ఆన్‌లో ఉంటే ముందు ఆపేయండి, లేకపోతే వస్తువులు నెట్ లేని ఆ పాతదానికే వెళ్లి అతుక్కుంటాయి.

కొత్త పేరే పెట్టాలనుకునేవారికి ఒక మాట. వైఫై పేరుకి 32 బైట్ల హద్దు ఉంది. తెలుగులో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటీ 3 బైట్లు తీసుకుంటుంది, అంటే పది గుర్తులకే నిండిపోతుంది. పైగా పాత ప్రింటర్లు, కెమెరాలు ఆ పేరుని పిచ్చి గీతలుగా చూపిస్తాయి, కొన్ని అసలు చూపించవు. తెలుగు పేరు పెట్టుకోవాలన్న ముచ్చట 5 బ్యాండ్ మీద తీర్చుకోండి, 2.4కి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలే ఉంచండి. పాస్‌వర్డ్‌లో కూడా ఖాళీలు, కొటేషన్ గుర్తులు వద్దు. పొడవు 8 నుంచి 63 దాకా ఉండొచ్చు, 12కి తగ్గకుండా చూసుకోండి.

చ) సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 చేయండి. కొత్త రూటర్లలో డబ్ల్యూపీఏ3 గానీ, 2, 3 కలిపిన మిశ్రమం గానీ పెట్టి ఉండొచ్చు. పాత వస్తువులకి డబ్ల్యూపీఏ3 తెలియదు. మిశ్రమంలో కూడా కొన్ని తడబడతాయి. లక్షణం ఏమిటంటే, వైఫై పేరు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తప్పు అంటుంది. 2.4 బ్యాండ్‌కి డబ్ల్యూపీఏ2 పీఎస్‌కే, ఎన్‌క్రిప్షన్ ఏఈఎస్ ఎంచుకోండి. 5 బ్యాండ్‌కి మిశ్రమం ఉంచుకోవచ్చు. టీకేఐపీ మాత్రం ఎంచుకోకండి, అది పాతబడింది, వేగమూ పడిపోతుంది. పాస్‌వర్డ్ లేకుండా ఓపెన్‌గా పెట్టడం పరీక్షకి కూడా వద్దు.

ట) ఛానెల్ 1, 6, 11లో ఒకటి పెట్టండి. ఆటోలో వదిలేస్తే రూటర్ కొన్నిసార్లు 12నో 13నో ఎంచుకుంటుంది. మన దేశంలో అవి వాడుకోవచ్చు, కానీ అమెరికాలో కొన్న వస్తువులు సాధారణంగా 11 వరకే చూస్తాయి. అక్కడి నుంచి పిల్లలు తెచ్చిన ఫైర్ స్టిక్, ప్రింటర్, ల్యాప్‌టాప్ ఇక్కడి వైఫైని చూపించట్లేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. అపార్ట్‌మెంట్లలో 40 పెడితే పక్క ఫ్లాట్ల వైఫైతో ఢీకొంటుంది. 5 బ్యాండ్ కనిపించని టీవీ ఉంటే దాని ఛానెల్‌ని 36 నుంచి 48 మధ్య పెట్టి చూడండి. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లని పాత టీవీలు కొన్ని పట్టుకోలేవు.

సేవ్ కొట్టి, రూటర్‌ని ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఐదు నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా ఆగండి. మొండికేసిన వస్తువుల ప్లగ్గులు తీసి అర నిమిషం తర్వాత పెట్టండి. రూటర్ పేజీలో కనెక్ట్ అయిన వస్తువుల జాబితా తెరిస్తే ఎవరెవరు వచ్చారో తెలుస్తుంది.

5. ఇంకా రానివాటిని ఒక్కొక్కటిగా పట్టండి

ఫోన్లు: వైఫైని ఫర్గెట్ చేసి మళ్లీ కలపండి. ఒక్క ఫోన్ మాత్రమే ఎక్కకపోతే రూటర్‌లో మ్యాక్ ఫిల్టర్ (వస్తువు గుర్తింపు నంబరు చూసి రానిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూడండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ బదులు మారు అడ్రస్ ఇస్తాయి. జాబితాలో మీరు రాసింది అసలుదైతే రూటర్ ఆ ఫోన్‌ని రానివ్వదు. ఫిల్టర్ ఆపేయడమే సులువు.

టీవీ, ఫైర్ స్టిక్: ఫైర్ టీవీలో సెట్టింగ్స్, నెట్‌వర్క్ తెరిచి, పాత వైఫై పేరు మీద ఉంచి రిమోట్‌లో మూడు గీతల బటన్ నొక్కితే ఫర్గెట్ అవుతుంది. టీవీ కనెక్ట్ అయినా యూట్యూబ్ తెరవకపోతే తేదీ, సమయం చూడండి. గడియారం తప్పుగా ఉంటే భద్రతా సర్టిఫికెట్లు చెల్లవు, యాప్‌లు నెట్ లేదనే చెబుతాయి.

ల్యాప్‌టాప్: మిగతా అన్నిటికీ కనిపించే వైఫై పాత ల్యాప్‌టాప్‌కి జాబితాలోనే రాకపోతే కారణం వైఫై డ్రైవర్ కావచ్చు. పాత ఇంటెల్ కార్డులున్న వాటిలో పాత డ్రైవర్లు వైఫై 6 రూటర్లని చూపించవు. ల్యాన్ కేబుల్ పెట్టి డ్రైవర్ అప్‌డేట్ చేయండి. అది కుదరకపోతే రూటర్‌లో 2.4 బ్యాండ్‌కి ఏఎక్స్ (వైఫై 6) మోడ్ ఆపి చూడండి.

ప్రింటర్: ప్రింటర్ కొత్త వైఫైకి కలిసినా కంప్యూటర్ ఆఫ్‌లైన్ అంటుంది. కంప్యూటర్‌లో ఆ ప్రింటర్‌కి ఇంకా పాత ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) ఉండటమే సాధారణంగా కారణం. కంప్యూటర్‌లో ప్రింటర్‌ని తీసేసి మళ్లీ చేర్చండి. తెర లేని ప్రింటర్లకి డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా కలిపే) బటన్ అనుకూలం: రూటర్ మీద నొక్కి, రెండు నిమిషాల్లోపు ప్రింటర్ మీద నొక్కాలి. డబ్ల్యూపీఏ3 మాత్రమే పెట్టి ఉంటే ఇది పనిచేయదు. కలిశాక రూటర్‌లో డబ్ల్యూపీఎస్ ఆపేయండి.

బల్బులు, ప్లగ్గులు: పాత పేరుతో రానప్పుడే రీసెట్ చేయండి. చాలా బల్బుల్లో స్విచ్‌ని మూడు నుంచి ఐదు సార్లు వెంటవెంటనే వేసి ఆపితే టకటకా మెరుస్తాయి. అప్పుడు ఫోన్‌ని 2.4 వైఫైలో పెట్టి, లొకేషన్, బ్లూటూత్ ఆన్ చేసి, మొబైల్ డేటా ఆపి యాప్‌లో చేర్చండి. మొబైల్ డేటా ఆన్‌లో ఉంటే ఫోన్ మధ్యలో బల్బు సిగ్నల్‌ని వదిలేసి డేటాకి వెళ్లిపోతుంది, సెటప్ 90 శాతం దగ్గర ఆగడానికి ఇదొక కారణం.

వైఫై కెమెరా: ముందు దాన్ని రూటర్ పక్కకి తెచ్చి కలపండి, తర్వాత గోడకి ఎక్కించండి. క్యూఆర్ చూపించేటప్పుడు ఫోన్ వెలుతురు పూర్తిగా పెంచి, 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో కదపకుండా పట్టుకోండి.

ఎకో స్పీకర్: అలెక్సా యాప్‌లో డివైసెస్ కింద దాన్ని ఎంచుకుని, సెట్టింగ్స్‌లో వైఫై నెట్‌వర్క్ దగ్గర చేంజ్ నొక్కండి. రీసెట్ అక్కర్లేదు.

6. కనెక్టెడ్ అంటుంది, నెట్ రాదు

అన్ని వస్తువులకీ రాకపోతే రూటర్‌లో వ్యాన్ (బయటి నెట్ కనెక్షన్) పేజీ చూడండి. పీపీపీఓఈ వివరాలు సరిగ్గా కొట్టినా కలవకపోతే రెండు కారణాలుండొచ్చు. మీ కంపెనీకి వీల్యాన్ నంబరు అవసరం కావచ్చు. లేదా కేబుల్ ఆపరేటర్ మీ కనెక్షన్‌ని పాత రూటర్ మ్యాక్ అడ్రస్‌కి కట్టేసి ఉండొచ్చు. ఫోన్ చేసి మ్యాక్ రిలీజ్ చేయమని అడగండి.

ఒక్క వస్తువుకే రాకపోతే దాని ఐపీ అడ్రస్ చూడండి. 169.254తో మొదలైతే రూటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. డీహెచ్‌సీపీ (రూటర్ తానే అడ్రస్‌లు పంచే సెట్టింగ్) ఆన్‌లో ఉందా చూసి, రూటర్‌నీ ఆ వస్తువునీ రీస్టార్ట్ చేయండి. మిగతావన్నీ 192.168.1తో మొదలవుతుంటే ఇదొక్కటి 192.168.0తో ఉంటే దానికి ఎవరో గతంలో స్టాటిక్ ఐపీ (మారని అడ్రస్) ఇచ్చి ఉండొచ్చు. సీసీటీవీ డీవీఆర్‌లలో, ఆఫీసు ప్రింటర్లలో ఇది తరచూ కనిపిస్తుంది. డీహెచ్‌సీపీకి మార్చండి. అలాంటివి నాలుగైదు ఉంటే వాటి జోలికి పోకుండా కొత్త రూటర్ ల్యాన్ అడ్రస్‌నే పాతదానిలా 192.168.0.1 చేసేయండి, అన్నీ ఒకేసారి కుదురుకుంటాయి. ఆ తర్వాత లాగిన్ కూడా ఆ కొత్త అడ్రస్‌తోనే. కంపెనీ ఫైబర్ పెట్టె విడిగా ఉంటే మాత్రం దాని అడ్రస్ కూడా అదే కాకుండా చూసుకోండి.

7. కంపెనీ పెట్టె ఒకటి, మీ రూటర్ ఒకటి ఉంటే

రెండూ వైఫై ఇస్తుంటే టీవీ ఒకదానికి, ఫోన్ ఇంకోదానికి కలిసి ఒకదానికొకటి కనిపించవు. రెండింటి అడ్రస్ 192.168.1.1 అయితే నెట్ కూడా రాదు. తేలికైన దారి: మీ రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై మాత్రమే పంచే మోడ్) పెట్టి, కంపెనీ పెట్టె వైఫై ఆపేయండి. ఆ మోడ్ లేకపోతే మీ రూటర్ అడ్రస్ 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ ఆపి, కేబుల్‌ని వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టండి. ఈ మూడూ కలిపి చేయాలి. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే కొన్ని వస్తువులకి నెట్ వస్తూ పోతూ ఉంటుంది, కారణం దొరకక రోజులు గడిచిపోతాయి.

పని అయిందో లేదో ఇలా చూడండి

- రూటర్ జాబితాలో మీ వస్తువులన్నీ ఉండాలి. తెలియని పేరు కనిపిస్తే ఒక్కో వస్తువునీ ఆఫ్ చేస్తూ చూడండి, అది ఏదో తేలుతుంది. తేలకపోతే పాస్‌వర్డ్ మార్చండి.
- మెయిన్ స్విచ్ దగ్గర రూటర్‌కి ఒక నిమిషం కరెంటు ఆపి మళ్లీ వేయండి. ఐదు నిమిషాల్లో అన్నీ మీరు ముట్టుకోకుండానే తిరిగి రావాలి. రాని వస్తువు కరెంటు పోయిన ప్రతిసారీ మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంది, దాన్ని ఇప్పుడే మళ్లీ కలపండి.
- కెమెరా, టీవీ ఉన్న చోట నిలబడి వైఫై అనలైజర్ లాంటి యాప్‌లో బలం చూడండి. మైనస్ 67 లేదా అంతకన్నా మెరుగ్గా, అంటే మైనస్ 60, మైనస్ 50 వైపు ఉంటే వీడియోకి ఢోకా లేదు. మైనస్ 80 దగ్గరికి పడిపోతే సెట్టింగ్‌ది తప్పు కాదు, రూటర్ చోటు మార్చాలి. టీవీ యూనిట్ లోపల, ఫ్రిజ్ వెనక, ఇనప బీరువా పక్కన పెట్టకండి.
- ఫోన్‌ని 5 బ్యాండ్‌లో పెట్టి, 2.4లో ఉన్న ప్రింటర్‌కి ఒక పేజీ పంపండి. వెళ్లకపోతే రూటర్‌లో ఏపీ ఐసొలేషన్ (వస్తువులు ఒకదానికొకటి కనిపించకుండా చేసే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి.

ఇవన్నీ చూసినా కుదరక కంప్లైంట్ ఇవ్వాల్సి వస్తే నెట్ రావట్లేదని మాత్రమే చెప్పకండి. పాన్, ఎల్ఓఎస్ లైట్లు ఏ రంగులో ఉన్నాయి, ల్యాన్ కేబుల్ పెడితే నెట్ వస్తుందా, ఏ వస్తువు ఫోన్ హాట్‌స్పాట్‌కి కలుస్తోంది, దానికి వచ్చిన ఐపీ అడ్రస్ ఎంత అన్న నాలుగు సంగతులు చెప్పండి. రూటర్ రీస్టార్ట్ చేయండి అనే మొదటి సలహా దాటి అసలు పనికి వచ్చే మనిషిని పంపించమని అడగడానికి ఆ వివరాలు సరిపోతాయి.